దారి చూపింది, జరిమానా కూడా తెచ్చింది

నాలుగేళ్లుగా ఈ మ్యాప్ యాప్ నా ఫోన్‌లో ఉంది. ఇటలీలో మూడుసార్లు అద్దె కారు వేసుకుని తిరిగింది దీని ధైర్యంతోనే.

మొదటిసారి వచ్చాక కనపడ్డ వాళ్లందరికీ దీని గొప్పలు చెప్పాను. కొండల్లో సిగ్నల్ పోయినా, ముందే దించుకున్న మ్యాప్ మీద నీలం చుక్క కదులుతూనే ఉండేది. కుడివైపు నడపడం అలవాటు లేనిదాన్ని, రౌండబౌట్‌లో మూడో దారి పట్టమని ముందుగా చెప్తే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆసారి మేం తిరిగినవన్నీ పల్లెదారులే.

రెండోసారి టస్కనీలో ఒక పాత ఊరు. కోటగోడ లోపల హోటల్. యాప్ తిన్నగా గేటులోకి పొమ్మంది. అక్కడ ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, పక్కన వెలుగుతున్న అక్షరాల్లో 'వార్కో అత్తివో'. "యాక్టివ్ అంటోంది, తెరిచే ఉంది, పద" అన్నారు మా ఆయన. నాకూ అలాగే తోచింది. తీరా చూస్తే, కెమెరా పనిచేస్తోంది, అనుమతి లేనివాళ్లు రావద్దని దానర్థం! జడ్‌టీఎల్ అంటారు, అనుమతి ఉన్న బళ్లే తిరగాల్సిన ప్రాంతం. మేం హోటల్ సందు దాటిపోయాం. యాప్ ఏమీ ఎరగనట్టు చుట్టూ తిప్పి, మళ్లీ అదే గేటులోంచి తీసుకొచ్చింది. దాటిన ప్రతిసారికీ విడిగా జరిమానా అని అప్పుడెవరికి తెలుసు?

ఇంటికొచ్చిన రెండు నెలలకు అద్దె కంపెనీ కార్డులోంచి డబ్బు లాగింది. మా వివరాలు పోలీసులకు అందించిన ఖర్చట. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాం. అసలు నోటీసులు ఎనిమిదో నెలలో దిగాయి. విదేశాల్లో ఉండేవాళ్లకు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంటుంది. రెండు కాగితాలు, పదకొండు నిమిషాల తేడా. కారు నంబరు ముందే ఇస్తే చాలా హోటళ్లు వాళ్లే అనుమతి కోసం నమోదు చేయిస్తాయని కూడా డబ్బు కట్టాకే తెలిసింది.

మూడోసారి కొన్ని ఊళ్లలో యాప్ హెచ్చరించింది, కొన్నింట్లో నోరు మెదపలేదు. మరో సంగతి: మోటర్‌వే మీద వాన పడితే గంటకు 130 కాదు, 110 కిలోమీటర్లు మించకూడదు. జోరువానలోనూ ఇది నాకు 130 అనే చూపించింది.

అలాగని తీసేయలేదు. పక్క సీట్లో బోర్డులు చదివే మనిషి ఉన్నారు, మాకు తొందరా ఉండదు, కాబట్టి సరిపోతోంది. ఒంటరిగా, కొత్త ఊళ్లో, రాత్రిపూట అయితే దీన్నొక్కదాన్నీ నమ్ముకుని బయల్దేరను. ఇప్పుడు హోటల్ పేరు బదులు కోటగోడ బయటి పార్కింగ్ పేరు కొడుతున్నాను. అక్కణ్నుంచి రాళ్లు పరిచిన వీధుల్లో పెట్టె ఈడ్చుకెళ్లడమే. ఒక చక్రం ఊడింది. ఆ ఖర్చు మాత్రం యాప్ ఖాతాలో వేయను.