వీపు తడిస్తే చెమట అనుకున్నా, తీరా చూస్తే నీళ్ల సంచీ ఖాళీ. కొనేవాళ్లు జాగ్రత్త

ఆన్‌లైన్లో "హంటింగ్ హైడ్రేషన్ బ్యాగ్" అని పేరు పెట్టి, డబ్బా మీద తుపాకీ పట్టుకున్న మనిషి బొమ్మేసి అమ్ముతున్నారు కదా, వీపుకి తగిలించుకునే బ్యాగు, లోపల 3 లీటర్ల ప్లాస్టిక్ సంచీ, భుజం మీంచి నోటి దగ్గరకి ట్యూబు. అది కొనేముందు ఇది చదవండి. మన దగ్గర వేట వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, నేను కొన్నది కొండెక్కడానికే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. శివరాత్రి జనం తగ్గాక మార్చిలో మహేంద్రగిరి ఎక్కుదామని 1,150 రూపాయలు పెట్టి తెప్పించాను. కొండ 1,501 మీటర్లు, మేం బండి మీద కాకుండా నడిచి వెళ్దామనుకున్నాం, నేనూ మా అక్క కొడుకు పన్నెండేళ్లవాడూ. 3 లీటర్లు ఉన్నాయి కదా అని ఇంట్లో తీసిపెట్టిన స్టీలు బాటిళ్లు రెండూ వదిలేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు.

గంటన్నర నడిచేసరికి వీపంతా తడి. ఎండగా ఉంది, ఎక్కుతున్నాం, చెమటే అనుకున్నా. ఇంకాసేపటికి వెనకాల వస్తున్న వాడు "మావయ్యా, నీ ప్యాంటు కూడా తడిసిపోయింది, చుక్కలు కారతన్నాయి" అన్నాడు. ట్యూబు నోట్లో పెట్టి లాగితే రెండు గుటకలొచ్చి తర్వాత గాలి. బ్యాగు తెరిస్తే పులిహోర పొట్లం, తువ్వాలు, టార్చిలైటు అన్నీ నీళ్లలో నానుతున్నాయి.

వేటగాళ్లు ఈ సంచీలు ఎందుకు వాడతారంటే, బాటిల్ సగమయ్యాక నడుస్తుంటే గుడగుడమని చప్పుడొస్తుంది, జంతువు పారిపోతుంది. సంచీ అయితే నీళ్లు తగ్గేకొద్దీ ముడుచుకుపోతుంది, చప్పుడుండదు. మాకు అదే కొంప ముంచింది, చప్పుడు లేదు, కంటికి కనపడదు, ఎంత పోయిందో ఎంత ఉందో తెలీదు. పిల్లాడి పెదాలు ఎండిపోయి మాట్లాడ్డం మానేశాడు, అప్పుడు నాకు నిజంగా భయమేసింది. పైకి వెళ్లకుండానే వెనక్కి తిరిగాం. దారిలో ఒక సవర గిరిజన ముసలాయన భుజానికి ఎండబెట్టిన సొరకాయ బుర్ర తగిలించుకుని వస్తూ మమ్మల్ని చూసి ఆగి, వాడికి అందులోంచి చోడంబలి, అంటే రాగంబలి, ఒంపి ఇచ్చాడు, ఆయన రుణం తీర్చుకోలేను.

ఇంటికొచ్చాక సంచీని నింపి మేకుకి వేలాడదీశాను, చుక్క కారలేదు. అరచేత్తో గట్టిగా నొక్కాను, అప్పుడు ట్యూబు సంచీలోకి దూరే జాయింటు దగ్గర ఆవగింజల్లా చుక్కలు లేచాయి. ట్యూబు ఊడబీకి చూస్తే లోపల సన్న రబ్బరు రింగు ఒకపక్క చీలి ఉంది. అంటే ఊరికే పెడితే కారదు, బ్యాగులో సామాను సర్ది వీపు మీద వేసుకుంటే ఆ ఒత్తిడికి కారుద్ది. లీటరు బాటిల్‌తో కొలిచి పోస్తే 3 లీటర్లు ఎక్కడ, రెండూపావుకే మెడ దాకా వచ్చేసింది. మూడుసార్లు కడిగినా కొత్త చెప్పుల వాసన పోలేదు, నీళ్లు కూడా అదే రుచి.

అమ్మినవాళ్లకి వీడియో పంపితే "వాడేసిన వస్తువు, రిటర్న్ లేదు" అన్నారు. వాడకుండా కారుతుందని ఎలా తెలుస్తుందండీ? అప్పుడు డబ్బా తిప్పి చూశాను, తయారుచేసినవాళ్ల పేరు లేదు, దిగుమతి చేసినవాళ్ల అడ్రస్ లేదు, కంప్లైంట్ నంబర్ లేదు. ప్యాకెట్ సరుకు మీద ఇవి ఉండి తీరాలని రూలుంది, నేనే ముందు చూసుకోలేదు.

కాబట్టి కొన్నవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే నిండా నింపి, గాలి తీసి, కింద పాత పేపరు వేసి, మీద ఐదు కిలోల బియ్యం సంచీ పెట్టి రాత్రంతా ఉంచండి, పేపరు తడిస్తే తెల్లారే వెనక్కి పంపేయండి. డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. చెయ్యి దూరేంత మూతి ఉన్నదే కొనండి, లేకపోతే లోపల కడగలేరు, ట్యూబులో తడి ఉండిపోతే నల్లగా బూజు పడుతుంది. సంచీ ఎంత మంచిదైనా సరే మనిషికో బాటిల్ విడిగా పట్టుకెళ్లండి, పిల్లలతో వెళ్తే మరీను.

నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, బిల్లు, డబ్బా ఫొటోలు, ఆ చీలిన రింగు అన్నీ దాచి ఉంచాను. డబ్బులు వెనక్కి వచ్చినా రాకపోయినా మళ్లీ రాస్తాను.