డిస్నీలాండ్ రైడర్ స్విచ్: చంటిపిల్లలున్నవాళ్లకి పెద్ద ఊరట

కాలిఫోర్నియా అనహైమ్‌లోని డిస్నీలాండ్‌కి చిన్నపిల్లలతో వెళ్తున్నారా? టికెట్ల కన్నా ముందు రైడర్ స్విచ్ అనే ఈ సదుపాయం గురించి తెలుసుకోండి. రైడ్ ఎక్కలేని చిన్నపిల్లల్ని ఒకరు చూసుకుంటుంటే మిగతావాళ్లు ఎక్కి వస్తారు, తర్వాత వాళ్లు పిల్లల్ని చూసుకుంటే ఆగినవాళ్లు ఎక్కుతారు. అక్కడ స్పేస్ మౌంటెన్ అనే రైడ్ ఎక్కాలంటే 40 అంగుళాల ఎత్తుండాలి. మా పాపకి అంత ఎత్తు లేదు. రైడర్ స్విచ్ కావాలని రైడ్ దగ్గరున్న సిబ్బందికి ముందే చెప్పాం. మా ఆయన, పెద్దాడు ముందు ఎక్కారు, నేను పాపతో బయట ఉన్నాను. వాళ్లు రాగానే, మళ్లీ ఆ మామూలు క్యూలో నిలబడే పని లేకుండా నేను వెళ్లొచ్చాను. ఎంత హాయిగా అనిపించిందో! దీనికి విడిగా పైసా కట్టక్కర్లేదు. ఇంటి దగ్గరే, బూట్లతో కలిపి, పిల్లల ఎత్తు కొలవండి. ఏ రైడ్‌కి ఎంత ఎత్తు కావాలో డిస్నీలాండ్ యాప్‌లో ఉంటుంది. ముందు ఎక్కేది అమ్మా, నాన్నా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.