తలకోన, మల్లెలతీర్థం, కుంతాల: పిల్లాజెల్లాతో వెళ్ళడానికి ఏది మేలు?

జలపాతానికి బయల్దేరే ముందు అందరూ అడిగేవి రెండే: ఎత్తెంత, నీళ్ళున్నాయా? ఇంట్లో ఐదేళ్ళ పిల్ల, అరవై దాటిన అమ్మమ్మ ఉంటే వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఎక్కాల్సింది పోయేటప్పుడా, వచ్చేటప్పుడా? ఎక్కి వెళ్ళి దిగి వచ్చే చోట అలసట పొద్దున్నే తీరిపోతుంది. దిగి వెళ్ళి ఎక్కి రావలసిన చోట మాత్రం అసలు కష్టమంతా సాయంత్రానికి మిగులుతుంది. అప్పటికి పిల్లలు తడిసి, ఆకలేసి, నిద్రకు తూగుతుంటారు. ఈ మూడు చోట్లకూ తేడా అక్కడే ఉంది.

తలకోన ఎక్కి వెళ్ళే చోటు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా అరవై కిలోమీటర్ల లోపే. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అడవిలో 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత ఎత్తైనది ఇంకొకటి లేదంటారు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర నుంచి నడక రెండు కిలోమీటర్లకు మించదు, అదీ చాలావరకు చెట్ల నీడలోనే. పెద్దలకు ముప్పావుగంట, చిన్నపిల్లలతో గంటంపావు వేసుకోండి. ఆ తేడా ఊరికే పోదు. దారి పక్క గిల్లతీగ మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి చెట్టు నుంచి చెట్టుకు పాకి ఉంటుంది, దాని కాయలు గజం పొడవుంటాయి. పిల్లలకు కాళ్ళ నొప్పి గుర్తుకు రాకుండా చేసేది ఆ తీగే. చెట్ల మధ్య 240 మీటర్ల తాళ్ళ వంతెన కూడా ఉంది. అది తెరిచి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి, పిల్లలకు ముందే మాటిచ్చేయకండి. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు గుడి దగ్గరే నీడలో కూర్చోవచ్చు, వాళ్ళను ఒంటరిగా వదిలామన్న బెంగ ఉండదు. ఇక్కడి బాధ కోతులతోనే. చేతిలో కవరు కనిపిస్తే లాక్కుపోతాయి. తిండి జిప్పున్న సంచీలో పెట్టి, సంచీ వీపుకే ఉంచుకోండి.

మల్లెలతీర్థం హైదరాబాద్ వాళ్ళకు దగ్గర. శ్రీశైలం రోడ్డులో దాదాపు 185 కిలోమీటర్లు. వటవర్లపల్లి దగ్గర తిరిగి అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు. బండి దిగాక సుమారు 350 మెట్లు దిగాలి. మెట్టుకు ఆరేడు అంగుళాలు వేసుకున్నా అరవై మీటర్లకు దగ్గర, అంటే ఇరవై అంతస్తుల మేడ. దిగడానికి పావుగంట చాలు. తిరిగి ఎక్కడానికి పిల్లలతో ముప్పావుగంట పడుతుంది. దిగేటప్పుడు అరగడం మోకాళ్ళ వంతు, ఎక్కేటప్పుడు రొప్పు ఊపిరి వంతు. కాబట్టి కీళ్ళనొప్పులున్నవాళ్ళకూ, ఆయాసం ఉన్నవాళ్ళకూ ఇద్దరికీ ఇది పనికిరాదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం భేషైన చోటు. వాన తెరిపిచ్చిన రోజుల్లో ధార సన్నగా విడిపోయి పడుతుంది, కింద నిలబడి తల తడుపుకోవచ్చు. ఇంకో సంగతి: ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూరు, దోమలపెంట గేట్లు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు. మధ్యాహ్నం రెండున్నరకల్లా మెట్లెక్కడం మొదలుపెడితే చీకటి పడకముందే అడవి దాటతారు.

కుంతాల చూడ్డానికి మూడింటిలోకీ మిన్న. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి బండల మీద అంచెలంచెలుగా దూకుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే పన్నెండు కిలోమీటర్లు. ఇక్కడా దిగి ఎక్కడమే, మెట్లు నాలుగు వందల పైనే. అయితే దీని చిక్కు మెట్లు కాదు, నీళ్ళు. బండల మధ్య నెర్రెలు, కింద సుడిగుండాలు. పైకి మాత్రం మోకాటి లోతనిపిస్తుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలు నీళ్ళు చూస్తే ఆగరు, ఆపుతూ నిలబడటానికి ఒక పెద్దమనిషికి ఒక్క పిల్లే లెక్క. అంతమంది పెద్దలు లేకపోతే పైనుంచే చూసి వచ్చేయండి, చూపుకు లోటేమీ ఉండదు.

అరకు వైపు వెళ్ళేవాళ్ళు బొర్రా గుహల దగ్గరి కటికి జలపాతం గురించి అడుగుతుంటారు. జీపు కుదుపులు ఓర్చుకోగలిగితే మంచిదే, చివర్లో కొంత పైకి నడవాలి. జీపు మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి మాట్లాడుకోండి.

కాలం మాటకొస్తే ఒకే నెల అన్నిటికీ కుదరదు. కుంతాల నైరుతి వానలది: జులై నుంచి అక్టోబరు దాకా ఉరకలు, ఎండలు ముదిరేసరికి బండలే మిగులుతాయి. మల్లెలతీర్థానికి అక్టోబరు నుంచి జనవరి బాగుంటుంది. తలకోనకు ఈశాన్య వానలు కూడా పడతాయి కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో నిండుగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు వెళ్ళాలనుకుంటే ఇంక ఆలోచించనక్కర్లేదు, తలకోనే.

ఎక్కడికెళ్ళినా హవాయి చెప్పులు వద్దు. తడిస్తే పాదం ముందుకు జారి చెప్పు పట్టీ ఊడుతుంది. మడమ వెనక పట్టీ, అడుగున గాడులున్న రబ్బరు శాండిళ్ళు మేలు. నీళ్ళు పెద్దలకు తలా లీటరున్నర, పిల్లలకు ముప్పావు లీటరు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది, పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది. కడుపు నిండా తినడం మెట్లెక్కిన తరవాతే. కింద అరటిపండో వేరుశనగ ఉండో చాలు. ఎక్కే ముందే పిల్లల తడిబట్టలు మార్చండి, తడి నిక్కరు తొడల మధ్య ఒరుసుకుంటే నూరు మెట్లకే ఏడుపు మొదలవుతుంది. మెట్ల మీద పసిపిల్లల్ని చంకన ఎత్తుకుంటే మీ కాలు ఎక్కడ పడుతోందో మీకే కనపడదు, వీపున కట్టుకోండి. నడిచే పిల్ల ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళు వెనక, దిగేటప్పుడు ముందు, అంటే ఎప్పుడూ పల్లం వైపే ఉండాలి.

వెళ్ళే చోటు ఇంకా తేల్చుకోకపోతే ఇలా చూడండి. మొదటిసారి వెళ్తున్నవాళ్ళకూ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకూ తలకోన. హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్ళిరావాలి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళు అంటే మల్లెలతీర్థం. నీళ్ళలో దిగకుండా కళ్ళతో చూసి రాగల కుటుంబమైతే కుంతాల.

దిగిన చోట ఆకాశం కాదు, నీళ్ళు చూస్తుండండి. మీ నెత్తిన చినుకు లేకున్నా ఎగువ కొండ మీద పడిన వాన వాగులో దిగుతుంది. తేట నీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, హోరు ఉన్నట్టుండి పెరిగినా సంచీలు వదిలేసి ముందు పిల్లల్ని గట్టెక్కించండి. చెప్పుల కోసం వెనక్కి వెళ్ళకండి.