విశాఖ కంచరపాలెం ఏసీ రిపేరు షాపు: పనికి నాలుగున్నర స్టార్లు, ఓపికకి రెండు

ముందే చెప్పేస్తున్నాను, ఇప్పుడు పొద్దున పూట నేనూ ఈ షాపులోనే కూర్చుంటున్నాను. జీతం లేదు, టీ ఉంది. కాబట్టి ఈ రివ్యూని ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. షాపు పేరు రాయొద్దన్నారు. ఎండాకాలంలో వచ్చే ఫోన్లు ఎత్తడానికే మనుషులు చాలడం లేదు. కంచరపాలెం మెట్టు నుంచి ఊర్వశి జంక్షన్ వైపు వెళ్తుంటే, కడిగిన అవుట్‌డోర్ యూనిట్లు వరసగా ఎండలో పెట్టి ఉంటాయి. అదే షాపు.

నడిపేది ముగ్గురు. ముగ్గురూ నేవీలో చేసి వచ్చినవాళ్లే. ఇద్దరిది ఇంజిన్ రూమ్, ఒకరిది ఎలక్ట్రికల్. ఓడల్లో ఏసీ ప్లాంట్లు, కోల్డ్ రూములు చూసుకున్న చేతులు.

మా ఇల్లు చినవాల్తేరులో. సముద్రపు గాలి నేరుగా కొడుతుంది. ప్రతి వేసవిలో మా ఏసీ చల్లబరచడం మానేసేది, ఎవరో ఒక మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి డబ్బు తీసుకెళ్లేవాడు, మరుసటి ఏడాది మళ్లీ అదే కథ. ఏసీలో గ్యాస్ అంటే బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ సంగతి నాకు చెప్పింది వీళ్లే. వచ్చీ రాగానే గ్యాస్ సిలిండర్ తియ్యలేదు. యూనిట్ విప్పి మంచినీళ్లతో కడిగారు. మన ఊరి ఉప్పుగాలికి రాగి గొట్టం, అల్యూమినియం రెక్కలు కలిసేచోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుందట. చూపించారు, వేలితో గీకితే రాలింది. తర్వాత గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తే ఒక వంపు దగ్గర బుడగలు లేచాయి. అక్కడ బ్రేజింగ్ చేసి, అంటే లోహం కరిగించి అతికి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, అప్పుడు గ్యాస్ ఎక్కించారు. అదీ తూకం వేసి. మాది ఆర్-32, మంట అంటుకునే గుణం ఉన్న గ్యాస్. పక్కింటాయన సిగరెట్ వెలిగించబోతే, ముగ్గురిలో పెద్దాయన, అదే పెద్ద చీఫ్ (చీఫ్ అంటే నేవీలో ఒక హోదా) వేసిన కేకకి వీధి చివర కుక్క కూడా లేచి నిలబడింది.

ఓపికకి రెండు స్టార్లు ఎందుకంటే, ఆ కేక కస్టమర్ల మీద కూడా పడుతుంది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా కడిగించలేదేటండీ?" అని మా ఆవిడని అడిగారు. ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

బిల్లు రాసేటప్పుడు కాగితం మీద నేవీ అలవాటులో అన్నీ పెద్దక్షరాల ఇంగ్లీషే చూసి, "ఏ షిప్పు?" అని అడిగాను. అడిగినవాడూ అదే బాపతని వాళ్లకి అర్థమైపోయింది. నాది స్టోర్స్ బ్రాంచ్, ఓడ సామాన్ల లెక్క చూసే విభాగం. చీపురుపల్లి పక్క పల్లె నుంచి ఒడిశాలో నేవీ ట్రైనింగ్ సెంటర్ ఉన్న చిల్కాకి వెళ్లి ట్రైనింగ్ చేసినవాణ్ణి. సెయిలర్‌కి 15 ఏళ్ల సర్వీసుకే పెన్షన్ వస్తుంది కాబట్టి మాలో చాలామంది నలభై నిండకుండానే, పిల్లలు ఇంకా స్కూల్లో ఉండగానే రిటైర్డ్ అనిపించుకుంటాం. పెన్షన్ ఉంది, క్యాంటీన్ కార్డు ఉంది, జబ్బు చేస్తే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంది. డబ్బు గురించి ఏడవాల్సిన పని లేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కూడా చేశాను. గేటు దగ్గర కార్ల నంబర్లు రాసే పని. ఓడలో ఒక వాల్వు దొరక్కపోతే అర్ధరాత్రి నన్ను లేపేవారు. ఆ గేటు దగ్గర నేను రాసిన పుస్తకం ఎవరూ తెరవరు. మానేశాను.

ఈ షాపులో చూస్తే స్పేర్లన్నీ అట్టపెట్టెల్లో కలగాపులగం. ఒక కెపాసిటర్ కోసం ముగ్గురు చీఫులు మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నారు. నా వల్ల కాలేదు. మర్నాడు వెళ్లి డబ్బాలు సర్ది, నంబర్లు అంటించి, రిజిస్టర్ తెరిచాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆగస్టు 15న పిలిచి శాలువా కప్పేవాళ్లు మాకు బాగానే దొరుకుతారు. "ఆ 35 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఏ డబ్బాలో ఉంది మాస్టారూ?" అని అడిగేవాళ్లే కావలసింది.

పదిన్నరకి స్టాండ్ ఈజీ, అంటే ఓడలో లాగే టీ విరామం. ఆ అరగంట షట్టర్ సగం దించేస్తారు, మీరు ఎంత తొందరలో ఉన్నా సరే. ఇది షాపు లోపమని ఒప్పుకుంటాను. కానీ మర్రిపాలెం, గోపాలపట్నం, మల్కాపురం నుంచి మా బాపతు జనం వచ్చేది అప్పుడే. ఎవరి కూతురి పెళ్లి, ఎవరికి మోకాలి ఆపరేషన్, అన్నీ అక్కడే తేలతాయి. ఈమధ్య అగ్నివీరుల తండ్రులు కూడా వస్తున్నారు. మొదటి బ్యాచ్ 2023 మార్చిలో చిల్కా నుంచి బయటికొచ్చింది. నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లకి పెన్షన్ లేదు. మేం నలభైలో పడ్డ తికమక ఆ పిల్లలకి పాతికేళ్లకి అటూ ఇటూనే. "మావాడొస్తే పని నేర్పుతారా బాబూ?" అని ఒకాయన అడిగితే పెద్ద చీఫ్, "ముందు కడగడం నేర్పుతాం" అన్నారు. ఆయన మాటతీరే అంత.

శనివారం సాయంత్రం ఏసీ పని ఉండదు. స్పర్శ్‌లో, అంటే మా పెన్షన్లు చూసే ఆన్‌లైన్ పోర్టల్‌లో, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం తెలియని పెద్దవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు వస్తారు. ఎలక్ట్రికల్ ఆయన ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతిలో ఒక్కొక్కరిదీ చేసి పెడతారు. రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా పేరున్నవాళ్లకి అర్జీ రాసేది నేను. దీనికి డబ్బు తీసుకోరు. ఒకామె జీడిపప్పు తెస్తే మాత్రం ఎవరూ కాదనలేదు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకి. విజిటింగ్ చార్జి 350, లీకు పని అయితే అంచనా ముందే రాసిస్తారు. సెకండ్‌హ్యాండ్ కంప్రెసర్ వెయ్యమంటే వెయ్యరు. తాడు, బెల్టు లేకుండా మూడో అంతస్తు బయట మనిషిని వేలాడదీయరు, కాబట్టి బాల్కనీ లేని ఫ్లాట్ల వాళ్లు ఫోన్‌లోనే చెప్పండి. పార్కింగ్ లేదు. ఏప్రిల్ దాటితే నాలుగైదు రోజులు ఆగాల్సి వస్తుంది, మార్చిలోనే కడిగించుకోండి. బీచ్ దగ్గర ఉండేవాళ్లు దసరా తర్వాత ఇంకోసారి. ఫోన్ చేసేటప్పుడు మోడల్ నంబర్ దగ్గర పెట్టుకోండి. స్పేర్ ఉందో లేదో అప్పటికప్పుడే చెప్తాను. పదిన్నరకి మాత్రం చెయ్యకండి.