బాల్సా రెక్క కొస: నానబెట్టి వంచాలా, పొరలు అతికించాలా?

బాల్సా అనే తేలికైన చెక్కతో కట్టే మోడల్ విమానానికి రెక్క కొసన గుండ్రటి అంచు రెండు రకాలుగా చేయొచ్చు. 3 మి.మీ. బాల్సా పుల్లను నానబెట్టి, కావలసిన వంపులో కోసుకున్న అచ్చు చుట్టూ వంచడం ఒకటి. 0.8 మి.మీ. బాల్సా పట్టీలు నాలుగింటిని అదే అచ్చు చుట్టూ ఒకదానికొకటి అతికించడం రెండోది.

ఖర్చు: నానబెట్టడానికి వేడినీళ్లు చాలు. పొరలకు పలుచని షీటు, తెల్ల జిగురు అదనం.

శ్రమ: రెండింటినీ రాత్రంతా అచ్చుకే కట్టి ఉంచాలి. పొరలకు పని మరికాస్త ఎక్కువ. అచ్చు అంచుకు ముందే సెల్లోటేపు చుట్టాలి, లేకపోతే పట్టీలు అచ్చుకే అతుక్కుపోతాయి. పట్టీలను తడిపి, పైతడి తుడిచి, జిగురు పలుచగా రాసి, నాలుగింటినీ కలిపి ఒకేసారి వంచాలి. ఇన్‌స్టంట్ జిగురు ఇక్కడ వద్దు. సర్దుకునేలోపే పట్టేస్తుంది.

చెడేది ఎక్కడ: ఒంటి పుల్లను వంచితే బయటి వైపు పీచు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. చిటుక్కుమని వినిపిస్తే వెంటనే ఆపండి, ఆ చోట బలం పోయినట్టే. విప్పగానే వంపు కొంత తెరుచుకుంటుంది కాబట్టి అచ్చును ఇంకాస్త బిగువు వంపుతో కోసుకోవాలి. పొరల అంచు దాదాపు కదలదు. కానీ జిగురు గీతలు బాల్సా కన్నా గట్టివి. ఇసుక కాగితాన్ని ఉత్త చేత్తో పట్టి రుద్దితే చెక్క అరిగి, గీతలు గట్టుల్లా మిగులుతాయి. కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి రుద్దండి.

వంపు విశాలంగా ఉంటే, ఒక్క మోడలే కడుతుంటే నానబెట్టండి. వంపు బిగుతైతే, రెండు కొసలూ అచ్చంగా ఒకేలా రావాలంటే పొరలే మేలు.