ఎనిమిది అంగుళాల పిచ్ ప్రొపెల్లర్: రెండేళ్లు దాటిన వాడకం తర్వాత

పడవ స్పీడు పెరగాలంటే పెద్ద ఇంజను కొనమని సలహా ఇచ్చేవాళ్లు మా అల్లూరు వైపు ఎంతమందైనా దొరుకుతారు. నేను ఇంజను ముట్టుకోలేదు. పది అంగుళాల పిచ్ ప్రొపెల్లర్ తీసేసి ఎనిమిది అంగుళాలది వేశాను. పిచ్ అంటే ప్రొపెల్లర్ నీళ్లలో జారకుండా ఒక చుట్టు తిరిగితే ముందుకు పోయే దూరం. తక్కువ పిచ్ వేస్తే స్పీడు తగ్గాలి కదా అని అందరూ అడిగారు. నా పడవలో బరువు ఉన్నప్పుడు స్పీడు దాదాపు రెట్టింపైంది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తీరలేదు.

పడవ ఇంటి దగ్గర చేసుకున్నదే. ప్లైవుడ్డు మీద ఫైబర్, పద్నాలుగు అడుగులు, వెనక సగంలో అడుగుభాగం చదునుగా ఉంటుంది. ఇంజను 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్, సెకండ్ హ్యాండ్. పది అంగుళాల ప్రొపెల్లర్ దాంతోపాటే వచ్చింది. మా రొయ్యల గుంటలు బకింగ్‌హాం కాలువ అవతల. నేనొక్కణ్ణే పోతే పడవ బాగానే పైకి లేచి నీళ్ల మీద జారేది. మా బావ, రెండు మేత బస్తాలు ఎక్కితే మాత్రం ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్లలోకి కుంగి, పెద్ద అల ఒకటి ఈడ్చుకుంటూ పోయేది. ఫోన్‌లో చూస్తే గంటకు 12 కిలోమీటర్లు. ఇంజను ఎంత అరిచినా అంతే.

నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవే హద్దు పెడుతుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో (పడవల వేగం కొలత) ఆ హద్దు వస్తుంది. నా పడవకు నీటిగీత 13 అడుగులు. లెక్కేస్తే 4.8 నాట్లు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. అది దాటాలంటే పడవ తను లేపిన అలను తనే ఎక్కి, పైకి లేచి నీళ్ల మీద జారాలి. ఇంజను పూర్తి బలం కావాల్సింది సరిగ్గా ఆ ఎక్కే చోటనే. 12 దగ్గర మేం ఇరుక్కుపోయింది అక్కడే.

మెకానిక్ ప్లగ్ వైరుకు చిన్న ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మీటర్ చుట్టి, మా ఇద్దరినీ బస్తాలతో సహా తిప్పాడు. ఫుల్ థ్రాటిల్‌లో 3900. మా ఇంజను పుస్తకంలో ఉండాల్సింది 4500 నుంచి 5500. "మింగలేనంత ముద్ద పెట్టి తినమంటే అదెట్టా తింటది అబ్బయా?" అన్నాడు. అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని, పడవ పైకి లేస్తే అంతకన్నా ఎక్కువే వస్తుందని చెప్పాడు. ఎనిమిదితో 5200 వచ్చింది. గేరు నిష్పత్తి 2.08 (ఇంజను అన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు) వేసి, జారుడు లేదనుకుని కాగితం మీద చూస్తే పాతదానికి గంటకు 28.6 కిలోమీటర్లు, కొత్తదానికి 30.5. పెద్ద తేడా లేదు. నీళ్లలో మాత్రం 12 ఎక్కడ, 22 ఎక్కడ!

ఆ లేచే క్షణం చూసి తీరాలి. ముక్కు దగ్గర చిమ్మే నీళ్లు మెల్లగా పడవ నడుము దాకా జరుగుతాయి, వెనక ఉన్న అల గుట్ట చదునైపోతుంది, ఇంజను చప్పుడు ఒక్కసారిగా తేలికవుతుంది. అప్పుడు థ్రాటిల్ కొంచెం వెనక్కి తీసినా స్పీడు పడిపోదు. అవతలి గట్టు దాకా కాలే పెట్రోలు కూడా తగ్గింది. గుంటల గట్ల పక్కన, చిన్న పడవల పక్కన నేను ఆ స్పీడులో పోను. అల కొడితే మట్టి గట్టు జారిపోతుంది, అది ఎవరో ఒకరి కష్టం.

ఇక బాధపెట్టిన సంగతి. ఈ ప్రొపెల్లర్ చెన్నైలో ఒక కొట్లో తెప్పించాను. కొన్ని నెలలకే, ఇసకపల్లి మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర, పాటు లాగుతున్న వేళ, ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది. పడవ మాత్రం కదల్లేదు. తాడేమన్నా చుట్టుకుందా అని ఇంజను లేపి చూశాం. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు మమ్మల్ని సముద్రం వైపు తోస్తున్నాయి, గడ వేస్తే అడుగు అందలేదు. బావ తెడ్డు అందుకున్నాడు. నేను థ్రాటిల్ బాగా తగ్గించి చూస్తే పడవ మెల్లగా కదిలింది, పెంచితే మళ్లీ ఉత్త అరుపు. అట్లా నడక వేగంతో ఒడ్డు పక్కనే పాకుతూ చీకటి పడే వేళకు చేరాం. షాఫ్టుకూ రెక్కలకూ మధ్య ఉండే రబ్బరు బుష్ జారిపోయింది. తక్కువ లాగుడులో పట్టుకుంటుంది, ఎక్కువైతే లోపల తిరిగిపోతుంది. కొట్టువాడు రాయి తగిలి ఉంటుందని తేల్చేశాడు. రెక్క అంచున గీత కూడా లేదని ఫోటో పంపినా జవాబు లేదు. నెల్లూరులో వేరే బుష్ ప్రెస్ చేయించాను, ఇప్పటిదాకా గట్టిగానే ఉంది. హబ్ (షాఫ్టును పట్టుకునే లోపలి భాగం) నుంచి బయటి గొట్టం దాకా మా అమ్మాయి గోళ్ల రంగుతో ఒక గీత గీసుకున్నాను. బుష్ జారితే గీత తప్పుతుంది. బయల్దేరే ముందు ఆ గీత చూడందే తాడు లాగను.

రెట్టింపు స్పీడులో కొంత వాటా వేరే పనులకూ ఇవ్వాలి. ప్రొపెల్లర్ మార్చిన వారంలోనే అడుగున పట్టిన గుల్లలు, నాచు గీకించాం, పెట్రోలు ట్యాంకు వెనక నుంచి మధ్యకు జరిపాం. ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఎనిమిది పిచ్‌తో ఆర్‌పీఎం 5500 దాటిపోతుంది కాబట్టి థ్రాటిల్ పూర్తిగా తెరవలేను. ఒంటరి ప్రయాణంలో పాత ప్రొపెల్లరే కొంచెం ముందుండేది, దాన్ని దాచిపెట్టుకున్నాను. నాలుగు బస్తాలేస్తే మాత్రం ఏదీ పడవను లేపలేదు.

నాది తేలికపాటి పడవ, రోజూ ఇంచుమించు ఒకే బరువు, అలల్లేని కాలువ. అడుగు గుండ్రంగా ఉండి, వలలతో బరువెక్కి, డీజిల్ లాంగ్‌టెయిల్ (పొడవాటి షాఫ్టు ఇంజను)తో సముద్రంలోకి పోయే పడవలకు ఈ మార్పుతో ఇంత లాభం వస్తుందని నేను చెప్పను. నాలాంటి పడవ ఉంటే ముందు మీరు మోసే బరువుతోనే ప్లగ్ వైరుకు మీటర్ చుట్టి చూసుకోండి. పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎం ఇప్పటికే వస్తుంటే ప్రొపెల్లర్ మీద డబ్బులు పెట్టొద్దు, అడుగు గీకించండి.