గేరుబాక్సు వేడిని చూపే మీటరు: విజయనగరంలో బిగింపు పని

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కే ఆటోమేటిక్ బండ్లలో ఇంజను వేడి చూపే ముల్లు ఉంటుంది గానీ, గేరుబాక్సు ఆయిల్ ఎంత కాగుతున్నదో తెలిపే ఏర్పాటు చాలావాటిలో ఉండదు. అందుకే విజయనగరంలోని ఒక చిన్న వర్క్‌షాపులో మా బండికి విడిగా మీటరు పెట్టించాను. పనితనం ఎంతో నచ్చింది.

సెన్సారు ఎక్కడ బిగించాలన్నదే ఇందులో అసలు విషయం. టార్క్ కన్వర్టరు (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) నుంచి ఆయిల్‌ను చల్లబరిచే కూలరుకు వెళ్లే గొట్టంలో పెడితే అత్యధిక వేడి వెంటనే తెలుస్తుంది, కానీ ముల్లు తరచూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అడుగునున్న ఆయిల్ పాన్‌లో పెడితే గేర్లకు అందే ఆయిల్ వేడి నిలకడగా కనిపిస్తుంది. మెకానిక్ ఈ తేడాను ఓపికగా వివరించి, పాన్ విప్పి, చిల్లు వేసి, సెన్సారు పట్టే నట్టును వెల్డింగ్ చేసి, ఇనుప రజను రవ్వంత కూడా మిగలకుండా కడిగి మరీ బిగించారు. ఒకే వైరున్న సెన్సారుకు ఎర్తు దాని మర చుట్ల (థ్రెడ్‌ల) ద్వారానే అందాలి కనుక, టెఫ్లాన్ టేపు మందంగా చుడితే మీటరు తప్పు చూపుతుందని చెప్పి, ఆయిల్ కారకుండా సీలెంటు మాత్రం కొద్దిగా పూశారు. వైరును సైలెన్సరు గొట్టానికి దూరంగా నడిపారు.

మామూలు రోడ్డుపై ముల్లు 80–95 డిగ్రీల మధ్య ఉంటుంది. 120 దాటితే ఆయిల్ త్వరగా పాడవుతుంది కాబట్టి, ఘాటులో ముల్లు అటు జరుగుతుంటే బండి ఆపి, గేరును పార్కు (P)లో పెట్టి ఇంజనును కాసేపు నడవనిస్తున్నాను.

ఒక్క లోపం: మీటరు దీపాన్ని డ్యాష్‌బోర్డు వెలుగును తగ్గించే డిమ్మరుకు కలపకపోవడంతో రాత్రి వెలుతురు కళ్లలో పడుతోంది. బిగించేటప్పుడే ఆ వైరు సంగతి అడిగి చేయించుకోవడం మంచిది.